పాయింట్ల మీద ఆగే మోడల్ ఇంజన్: బాగుచేయాల్సింది ఇంజన్‌నా, పట్టానా?

తిన్నటి పట్టా మీద చక్కగా పాకే మోడల్ రైలు ఇంజన్ పాయింట్ (ఒక దారి రెండుగా చీలే చోటు) ఎక్కగానే ఆగిపోతుంది. వేలితో కాస్త తోస్తే గానీ కదలదు. ఏం చేయాలని అడిగితే పట్టా తుడవమని ఒకరు, ఫ్రాగ్‌కు (పాయింట్‌లో పట్టాలు దాటుకునే మొనకు) కరెంట్ ఇవ్వమని ఇంకొకరు, ఇంజన్‌లో కరెంట్‌ను కాసేపు నిల్వ ఉంచే కెపాసిటర్ పెట్టేయమని మరొకరు చెబుతారు. మూడూ సరైన సలహాలే. కాకపోతే మూడూ మూడు వేర్వేరు లోపాలకు సంబంధించినవి. లోపం ఏదో తెలియకుండా వాటిలో ఒకటి ఎంచుకుంటే డబ్బూ శ్రమా పోతాయి, ఇంజన్ మాత్రం అక్కడే ఆగుతుంది.

ఈ వ్యాసంలో ముందు లోపం ఎక్కడుందో పట్టుకునే పద్ధతి చెప్పి, ఆ తర్వాత ఒక్కో మార్గాన్నీ బేరీజు వేస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను: కెపాసిటర్ మంచిదే, కానీ మొదటగా చేయాల్సిన పని అది కాదు. చాలా లేఅవుట్లలో (పట్టాలు పరిచిన మోడల్ అమరికల్లో) అసలు తప్పు పాయింట్‌లో కదిలే నాలుక పట్టా దగ్గరో, ఒక్క చక్రం దగ్గరో ఉంటుంది.

## పాయింట్‌లో కరెంట్ ఎక్కడ తెగుతుంది

పాయింట్‌లో అటూ ఇటూ కదిలేవి రెండు నాలుక పట్టాలు. అవి వెళ్లి ఆనుకునేవి పక్క పట్టాలు. రెండు దారుల లోపలి పట్టాలు ఒకదాన్నొకటి దాటే మొన ఫ్రాగ్. ఫ్రాగ్ మీదుగా ఒక దారిలో ఎడమ చక్రాలు, ఇంకో దారిలో కుడి చక్రాలు వెళ్లాలి. ఎడమ పట్టాకూ కుడి పట్టాకూ ధ్రువం వేరు కాబట్టి, ఫ్రాగ్‌కు ఏదో ఒక్క ధ్రువాన్ని శాశ్వతంగా ఇవ్వడం కుదరదు. అందుకే తయారీదారులు దాన్ని ప్లాస్టిక్‌తో చేస్తారు, లేదా లోహంతోనే చేసి చుట్టూ కరెంట్ తెగ్గొట్టి వదిలేస్తారు, లేదా నాలుక పట్టా ఎటు ఆనితే ఆ వైపు ధ్రువం ఫ్రాగ్‌కు వచ్చేలా కలుపుతారు. మోడల్ పట్టాలు తయారుచేసే పీకో వాళ్ల ఇన్సుల్‌ఫ్రాగ్ మొదటి రకం, ఎలక్ట్రోఫ్రాగ్ మూడో రకం. యూనిఫ్రాగ్ రెండో రకానికి చెందుతుంది: చిన్న లోహపు మొన కరెంట్ లేకుండా వస్తుంది, కావాలంటే కలుపుకోవడానికి అడుగున ఒక తీగ ఇస్తారు.

అంటే కరెంట్ తెగడానికి ముఖ్యమైన చోట్లు రెండు. ఒకటి ఫ్రాగ్. రెండోది నాలుక పట్టా పక్క పట్టాను ఆనుకునే చోటు. చాలా పాయింట్లలో ఆ చిన్న స్పర్శ మీదే ఆ తర్వాతి పట్టా మొత్తానికీ కరెంట్ ఆధారపడి ఉంటుంది. దుమ్ము, రంగు, కంకరకు పోసిన జిగురు, ఏది చేరినా ఆ స్పర్శ పోతుంది.

## ముందు పరీక్ష, తర్వాత ఎంపిక

ఇంజన్‌ను వీలైనంత నెమ్మదిగా నడపండి. వేగంగా వెళ్తే లోపం కనబడదు. ఆగినప్పుడు చేయి పెట్టకుండా ముందు మూడు విషయాలు చూడండి.

హెడ్‌లైట్ ఆరిపోయిందా? ఆరితే ఇంజన్‌కు కరెంట్ అందడం లేదు. వెలుగుతూనే ఉండి కదలకపోతే ఎక్కడో ఇరుక్కుంది, అది కరెంట్ సమస్య కాదు. లేఅవుట్ మీద మిగతా రైళ్లూ ఆగిపోతే అది షార్ట్ సర్క్యూట్. ఈ మూడింటినీ కలిపేసి "స్టాల్ అవుతోంది" అనుకోవడం వల్లే చాలామంది తప్పు సామాను కొంటారు. షార్ట్‌కు కెపాసిటర్ వేస్తే ఒక్క ఇంజన్ ముందుకు వెళ్తుంది, పట్టాకు కరెంట్ పంపే బూస్టర్ మాత్రం ట్రిప్ అవుతూనే ఉంటుంది.

తర్వాత, ఏ చక్రం ఎక్కడ ఉండగా ఆగిందో గుర్తుపెట్టుకోండి. పట్టా పక్కన పెన్సిల్‌తో చిన్న గీత పెడితే చాలు. ఫ్రాగ్ మీద ఆగిందా, నాలుక పట్టా మీదా, ఫ్రాగ్ దాటాకా అన్నది దీంతో తేలిపోతుంది.

ఇప్పుడు వేరే ఇంజన్ తెచ్చి అదే పాయింట్ మీద నడపండి. మొదటి ఇంజన్‌ను వేరే పాయింట్ల మీద నడపండి. అన్ని ఇంజన్లూ ఒకే పాయింట్ మీద ఆగితే తప్పు పాయింట్‌ది. ఒకే ఇంజన్ అన్ని పాయింట్ల మీదా ఆగితే తప్పు ఇంజన్‌ది. ఆ ఇంజన్ ఆ ఒక్క పాయింట్ మీదే ఆగితే రెండింటిలోనూ కొంచెం కొంచెం లోపం ఉంది. నిజానికి ఎక్కువగా ఎదురయ్యేది ఇదే.

ఇంకో పరీక్ష ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఎడమకు చీలే పాయింట్ తీసుకోండి. తిన్నగా వెళ్తే ఫ్రాగ్ మీద ఎడమ చక్రాలు నడుస్తాయి, చీలిన దారిలో కుడి చక్రాలు నడుస్తాయి. ఇంజన్ తిన్నటి దారిలోనే ఆగి, చీలిన దారిలో సాఫీగా పోతుందనుకుందాం. ఇంజన్‌ను ఎత్తి ముందు వెనకలు మార్చి పెట్టండి. ఇప్పుడు చీలిన దారిలో ఆగితే తప్పు ఇంజన్‌లో ఉంది. మొదటిసారి ఏ చక్రాలు ఫ్రాగ్ మీద ఉండగా ఆగిందో, దానికి ఎదుటి వైపు చక్రాలు కరెంట్ తీసుకోవడంలో ఇబ్బంది లేదు. ఫ్రాగ్ ఎక్కిన వైపున, ఫ్రాగ్ బయట ఉన్న మిగతా చక్రాలు తమ పని చేయడం లేదు. మార్చి పెట్టినా తిన్నటి దారిలోనే ఆగితే పాయింట్‌ను అనుమానించాలి.

ఆ వైపు ఏ చక్రం పని చేయడం లేదో తేల్చడానికి సన్నటి కాగితపు పట్టీలు చాలు. ఇంజన్‌ను తిన్నటి పట్టా మీద నిలిపి, ఆ వైపు ఒక్క చక్రం తప్ప మిగతా చక్రాల కింద కాగితం దూర్చండి. కరెంట్ ఇస్తే మోటార్ కదలబోయిందా, ఆ చక్రం మంచిది. కదల్లేదా, దొరికింది. ఒక్కో చక్రాన్నీ ఇలాగే చూడండి.

పాయింట్‌కైతే మల్టీమీటర్ పెట్టాలి. ఒక మొనను ఎదుటి పక్క పట్టాకు ఆనించి, రెండో మొనను నాలుక పట్టా మీద నుంచి ఫ్రాగ్ దాకా, ఫ్రాగ్ దాటి అవతలి దాకా మెల్లగా జరపండి. డీసీ లేఅవుట్ (పట్టా వోల్టేజ్ మార్చి ఇంజన్ వేగం మార్చేది) అయితే కంట్రోలర్‌ను సగం తెరిచి డీసీలో కొలవండి. డీసీసీ (పట్టాలో ఎప్పుడూ కరెంట్ ఉంచి, డిజిటల్ ఆదేశాలతో ఇంజన్‌ను నడిపేది) అయితే మీటర్‌ను ఏసీలో పెట్టండి. అంకె కచ్చితంగా ఉండదు, కానీ ఉందా లేదా అన్నది తెలిస్తే చాలు. వోల్టేజ్ లేని చోట నాలుక పట్టాను చెక్క పుల్లతో పక్క పట్టాకేసి నొక్కండి. అంకె తిరిగి వస్తే లోపం ఆ స్పర్శలోనే ఉంది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

పాయింట్లు ఎక్కువా, ఇంజన్లు ఎక్కువా? అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఇరవై పాయింట్లు, రెండు ఇంజన్లు ఉంటే ఇంజన్లను బాగుచేయడం తెలివైన పని. నాలుగు పాయింట్లు, అల్మరా నిండా ఇంజన్లు ఉంటే పాయింట్లను బాగుచేయాలి. స్నేహితుల ఇంజన్లు కూడా మీ లేఅవుట్ మీద తిరుగుతుంటే పాయింట్ల వైపే మొగ్గండి, వాళ్ల ఇంజన్లు మీ చేతిలో ఉండవు.

డీసీనా, డీసీసీనా? కొన్ని పరికరాలు డీసీసీతో మాత్రమే పనిచేస్తాయి.

కరెంట్ లేని పొడవు ఎంత? స్కేలు పెట్టి ఫ్రాగ్ దగ్గర కరెంట్ లేని ముక్కను కొలవండి. ఇంజన్‌కు ఒక వైపున కరెంట్ తీసుకునే మొదటి చక్రానికీ చివరి చక్రానికీ మధ్య దూరం కొలవండి. చక్రాల దూరం బాగా ఎక్కువైతే ఇంజన్ ఫ్రాగ్ దాటాలి. దాటడం లేదంటే చక్రాలో, వాటికి రాసుకుని కరెంట్ తీసుకునే వైపర్లో మురికిగా ఉన్నట్టు. చక్రాల దూరం తక్కువైతే ఎంత తుడిచినా లాభం లేదు. రబ్బరు టైరు ఉన్న చక్రాన్ని ఈ లెక్కలో కలపకండి, దానికి కరెంట్ రాదు. నాలుగు చక్రాల షంటర్‌లో (వ్యాగన్లను అటూ ఇటూ జరిపే చిన్న ఇంజన్‌లో) ఒక వైపున ఒక చక్రానికి టైరు ఉంటే, ఆ వైపు కరెంట్ తీసుకునేది ఒక్క చక్రమే. అలాంటి ఇంజన్ కరెంట్ లేని ఫ్రాగ్ మీద ఆగకపోతేనే ఆశ్చర్యం.

టంకం పెట్టడం వచ్చా, పట్టాలు పరిచిన బోర్డు కిందకు దూరగలరా? ఈ ప్రశ్నకు నిజాయతీగా జవాబు చెప్పుకోండి. కంకర పోసేసిన లేఅవుట్‌లో పాయింట్ ఊడదీయడం పెద్ద పని.

## శుభ్రం చేయడం

ఎవరైనా మొదట చేయాల్సింది ఇదే, ఖర్చు దాదాపు లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో పట్టా పైభాగం తుడవండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, కానీ అసలు చోటు లోపల ఉంది. సన్నటి అట్టముక్కను ఆల్కహాల్‌లో తడిపి నాలుక పట్టాకూ పక్క పట్టాకూ మధ్య పెట్టి, నాలుకను మెల్లగా మూసి, అట్టను బయటకు లాగండి. నల్లటి గీత వస్తుంది. గీత రావడం ఆగేదాకా కొత్త ముక్కతో మళ్లీ లాగండి.

చక్రాలకు: కాగితపు తువ్వాలును ఆల్కహాల్‌లో తడిపి రెండు పట్టాల మీదుగా పరచండి. ఒక బోగీని (ఇంజన్ అడుగున చక్రాలుండే చట్రాన్ని) దాని మీద, ఇంకో బోగీని ఖాళీ పట్టా మీద ఉంచి, ఇంజన్‌ను పట్టుకుని కరెంట్ ఇవ్వండి. తువ్వాలు మీది చక్రాలు అక్కడే తిరిగి తమ మురికిని దాని మీద వదిలేస్తాయి. తర్వాత రెండో బోగీ.

గరుకు కాగితం వాడకండి. అది చేసిన గీతల్లో మురికి ఇంకా త్వరగా చేరుతుంది. శుభ్రం చేయడంలో రాజీ ఏమిటంటే, ఇది మళ్లీ మళ్లీ చేయాల్సిన పని. నెలకోసారి తుడుస్తూ ఉండాల్సి వస్తే, కింద చెప్పిన జంపర్ తీగల గురించి ఆలోచించండి.

## చక్రాల ఎడం, పట్టా ఎత్తుపల్లాలు

కరెంట్ సమస్యలా కనిపించే చాలా లోపాలు నిజానికి యాంత్రికమైనవి. చక్రాల జత దగ్గరకు జరిగిపోతే అంచు ఫ్రాగ్ పక్కనున్న గార్డ్ రైల్ (చక్రాన్ని దారి తప్పకుండా ఉంచే చిన్న పట్టా) మీదకు ఎక్కుతుంది. చక్రం ఒక వెంట్రుకవాసి లేచినా కరెంట్ పోతుంది. పాత మోడళ్ల లోతైన అంచులు ఫ్రాగ్ గాడి అడుగును తాకి ఇంజన్‌నే పైకి లేపుతాయి.

మోడల్ సైజుల్లో హెచ్‌ఓ స్కేలుకు పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు, ఇంకా చిన్నదైన ఎన్ స్కేలుకు 9 మిల్లీమీటర్లు ఉండాలి. కంటితో అంచనా వేయకుండా ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికాలోని మోడల్ రైళ్ల సంఘం) వాళ్ల స్టాండర్డ్స్ గేజ్ కొనుక్కోండి. పట్టా, చక్రాలు, గాడి, మూడూ దాంతోనే చూడవచ్చు. ఈ అభిరుచిలో ఒకే ఒక్క కొలత పరికరం కొనగలిగితే అదే కొనమంటాను. ఇక పాయింట్ మీద ఉక్కు స్కేలును నిలువుగా ఆనించి దాని కిందకు వెలుతురు వేస్తే ఎత్తుపల్లాలు కనబడతాయి. అడుగున నాలుకలను కదిపే మోటార్ కడ్డీ పాయింట్‌ను పైకి నెడుతుండటం తరచూ కనిపించే కారణం.

## పాయింట్‌కు జంపర్ తీగలు

లోపం నాలుక పట్టా స్పర్శలో ఉందని మీటర్ చెబితే సరైన పరిష్కారం ఇది. పక్క పట్టా నుంచి, అదే ధ్రువం ఉండాల్సిన లోపలి పట్టాకు సన్నటి తీగ టంకం పెడితే, ఇక స్పర్శతో పనే ఉండదు. అయితే రెండు జాగ్రత్తలు. ఎలక్ట్రోఫ్రాగ్ లాంటి పాయింట్‌లో నాలుకలూ ఫ్రాగూ కలిసే ఉంటాయి. ముందు వాటి మధ్య పట్టాను కోసి విడదీయకుండా జంపర్ పెడితే నేరుగా షార్ట్. రెండోది: డీసీలో చాలామంది పాయింట్‌నే స్విచ్‌లా వాడి సైడింగ్‌లో (పక్కన నిలిపే దారిలో) ఇంజన్‌ను ఆపి ఉంచుతారు. జంపర్ పెట్టాక ఆ సౌకర్యం పోతుంది, సైడింగ్‌కు వేరే స్విచ్ పెట్టుకోవాలి.

## ఫ్రాగ్‌కు కరెంట్

లోహపు ఫ్రాగ్ అయితే నా మొదటి ఓటు దీనికే. ఒకసారి చేస్తే ఏ ఇంజన్ వచ్చినా పనిచేస్తుంది, చిన్న షంటర్ కూడా పాకుతూ దాటుతుంది. మూడు విధాలుగా చేయవచ్చు.

పాయింట్‌ను కదిపే మోటార్‌లోనే కాంటాక్టులుంటే అదే సులువు. టార్టాయిస్ లాంటి స్టాల్ మోటార్‌లో అటూ ఇటూ మారే కాంటాక్టులు రెండు జతలుంటాయి. మధ్య కాలును ఫ్రాగ్‌కు, మిగతా రెండింటినీ రెండు పక్క పట్టాలకు కలపాలి. తప్పు వైపు కలిపితే వెంటనే షార్ట్ అవుతుంది కాబట్టి తప్పు దాగదు, రెండు తీగలూ మార్చేస్తే సరి.

చేత్తో కదిపే పాయింట్లకు బోర్డు కింద ఒక స్లైడ్ స్విచ్ పెట్టి, దాని కడ్డీతోనే నాలుకలనూ కదిలిస్తే రెండు పనులూ ఒకేసారి అవుతాయి. చవక, డీసీలోనూ డీసీసీలోనూ పనిచేస్తుంది. బిగించడానికి ఓపిక కావాలి.

మూడోది, ఫ్రాగ్ జ్యూసర్ లాంటి ఆటోమేటిక్ మాడ్యూల్. చక్రం ఫ్రాగ్‌ను తాకి షార్ట్ అయిన క్షణంలోనే ధ్రువం మార్చేస్తుంది. ఫ్రాగ్‌కు ఒక్క తీగ చాలు, యాంత్రికమైన అమరిక ఏదీ అక్కర్లేదు. కానీ డీసీసీకి మాత్రమే, పైగా పాయింట్లు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. కంకర పోసేసిన లేఅవుట్‌లో, కడ్డీలకు చోటు లేని దగ్గర, ఈ ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుంది.

కాంటాక్టులతో కరెంట్ ఇచ్చిన ఫ్రాగ్‌లో ఒక రాజీ ఉంది: చీలిన రెండు దారుల్లో ఒకదాని నుంచి ఇంజన్ వస్తుండగా పాయింట్ రెండో దారికి పెట్టి ఉంటే షార్ట్ అవుతుంది. అజాగ్రత్తగా నడిపే పిల్లలుంటే ఇది గుర్తుంచుకోండి.

ప్లాస్టిక్ ఫ్రాగ్‌కు ఈ మార్గం లేదు. దాని సమస్య వేరుగా కూడా ఉంటుంది: మొన దగ్గర రెండు ధ్రువాల పట్టాలు బాగా దగ్గరకొస్తాయి, వెడల్పాటి లోహచక్రం రెండింటినీ ఒకేసారి తాకి షార్ట్ చేస్తుంది. అక్కడ పట్టాల పైన రంగులేని గోళ్ల పాలిష్ కొద్దిగా పూస్తే ఆగుతుంది. అది అరిగిపోతుంది, మళ్లీ పూయాలి.

## ఇంజన్‌కు అదనపు పికప్‌లు

చాలా పాత స్టీమ్ మోడళ్లలో ఇంజన్ ఒక పట్టా నుంచి, టెండర్ (ఇంజన్ వెనక ఉండే బొగ్గు, నీళ్ల బండి) ఇంకో పట్టా నుంచి మాత్రమే కరెంట్ తీసుకుంటాయి. టెండర్‌లో రెండో వైపు కూడా ఫాస్ఫర్ బ్రాంజ్ వైపర్లు పెట్టి తీగ కలిపితే ఆ ఇంజన్ నడకే మారిపోతుంది. డీసీలో ఇంజన్ వైపు నుంచి చేయదగ్గ మంచి పని ఇదొక్కటే అని చెప్పొచ్చు. వైపర్ మరీ గట్టిగా నొక్కితే చక్రం తిరగదు, వదులుగా ఉంటే కరెంట్ రాదు. చేతికి అలవాటయ్యేదాకా ఒకటి రెండు వంకరపోతాయి. నాలుగు చక్రాల ఇంజన్‌కైతే, ఎప్పుడూ వెనక తగిలి ఉండే ఒక వ్యాగన్‌లో పికప్‌లు పెట్టి తీగ లాగడం మంచి ఉపాయం.

## కెపాసిటర్

డీసీసీ డీకోడర్‌కు (ఇంజన్‌లో ఉండి డిజిటల్ ఆదేశాలను అందుకునే పరికరానికి) కలిపే కీప్ అలైవ్ కెపాసిటర్ల మీద పెట్టే ఆశలు కొన్నిసార్లు లెక్కకు అందవు. లెక్క చూద్దాం. మోటార్ 0.2 ఆంపియర్లు తీసుకుంటుందని, వోల్టేజ్ 14 నుంచి 8 దాకా పడినా నడుస్తుందని అనుకుందాం. 1000 మైక్రోఫారడ్ మామూలు కెపాసిటర్ ఇచ్చేది 0.03 సెకను. సెకనుకు 20 మిల్లీమీటర్లు పాకే ఇంజన్ ఆ సమయంలో మిల్లీమీటర్ కూడా కదలదు. అదే 1 ఫారడ్, 2.7 వోల్టుల సూపర్ కెపాసిటర్లు ఆరు వరుసగా కలిపితే 16.2 వోల్టులు తట్టుకుంటాయి, మొత్తం దాదాపు 0.17 ఫారడ్, అంటే సుమారు 5 సెకన్లు. ఏ ఫ్రాగ్‌నైనా దాటడానికి ఇది ఎక్కువే. కాబట్టి మురికి వల్ల వచ్చే మినుకులకు చిన్నది చాలు, ఫ్రాగ్ దాటాలంటే పెద్దది కావాలి. పెద్దది పట్టాలంటే ఇంజన్‌లో చోటుండాలి. ఎన్ స్కేలులో అదే అసలు చిక్కు.

ఇంకా కొన్ని ఉన్నాయి. డీకోడర్‌లో దీనికి తీగలు లేకపోతే దాని సర్క్యూట్ బోర్డు మీద టంకం పెట్టాలి. ధ్రువం తప్పితే కెపాసిటర్ పగలొచ్చు. ప్రోగ్రామింగ్ ట్రాక్ (డీకోడర్ సెట్టింగులు మార్చే పట్టా) మీద కొన్ని డీకోడర్లు సరిగా స్పందించవు. పట్టా తప్పిన ఇంజన్ కరెంట్ తీసేసినా కొన్ని సెకన్లు ముందుకు పోతూనే ఉంటుంది. బల్ల అంచున పాయింట్లు ఉన్నవాళ్లు ఇది ఆలోచించాలి. మామూలు డీసీలో దిశ మారితే ధ్రువం మారుతుంది కాబట్టి ఇది నేరుగా కుదరదు.

సౌండ్ డీకోడర్ ఉన్న ఇంజన్‌కు మాత్రం నేను తప్పకుండా పెట్టమంటాను. క్షణం కరెంట్ పోయినా శబ్దం ఆగి మొదటినుంచి మొదలవుతుంది, అది చెవికి చాలా ఇబ్బంది.

## ఒక చోట చూస్తే

| మార్గం | ఏ లోపానికి | డీసీ | డీసీసీ | పని | రాజీ |
|---|---|---|---|---|---|
| శుభ్రం | మురికి, తుప్పు | అవును | అవును | తేలిక | మళ్లీ మళ్లీ చేయాలి |
| గేజ్ సరిచూడటం | చక్రం లేవడం, ఇరుక్కోవడం | అవును | అవును | తేలిక | గేజ్ కొనాలి |
| జంపర్ తీగలు | నాలుక స్పర్శ | అవును | అవును | టంకం | పాయింట్ స్విచ్‌లా పనిచేయదు |
| ఫ్రాగ్ + కాంటాక్టులు | లోహపు ఫ్రాగ్ | అవును | అవును | బోర్డు కింద పని | తప్పు దారిలో షార్ట్ |
| ఫ్రాగ్ + మాడ్యూల్ | లోహపు ఫ్రాగ్ | కాదు | అవును | తేలిక | ఖర్చు |
| అదనపు పికప్‌లు | తక్కువ చక్రాల ఇంజన్ | అవును | అవును | సున్నితం | ఒక్కో ఇంజన్‌కూ చేయాలి |
| కెపాసిటర్ | క్షణిక కోత, సౌండ్ | కాదు | అవును | టంకం, చోటు | పట్టా లోపం కప్పిపుచ్చుతుంది |

జర్మన్ కంపెనీ మార్క్లిన్ మూడు పట్టాల పద్ధతి వాడేవాళ్లకు ఈ పట్టికలో ఫ్రాగ్ వరుసలు వర్తించవు. అక్కడ రెండు పట్టాలకూ ఒకే ధ్రువం, రెండోది మధ్య మేకుల నుంచి ఇంజన్ అడుగున ఉండే స్లైడర్‌కు అందుతుంది. ఆగితే ముందు స్లైడర్ వంగిందేమో చూడండి.

## మీరు ఎవరైతే ఏది

పెట్టె సెట్‌తో ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లు టంకం జోలికి వెళ్లొద్దు. శుభ్రం చేయండి, గేజ్‌తో చూడండి. చిన్న నాలుగు చక్రాల ఇంజన్ అయినా ఆగుతుంటే దాన్ని ఆ లేఅవుట్‌కు సరిపోనిదిగా భావించి, అన్ని చక్రాలతో కరెంట్ తీసుకునే బోగీ డీజిల్ ఇంజన్ తీసుకోండి. పాయింట్లన్నీ మార్చడం కన్నా అది సులువు.

డీసీలో యార్డు పెట్టుకుని షంటింగ్ చేసేవాళ్లకు నెమ్మదైన నడకే ప్రాణం. ప్లాస్టిక్ ఫ్రాగ్ పాయింట్లుంటే, యార్డు ముఖద్వారంలోని రెండు మూడింటినైనా లోహపు ఫ్రాగ్‌వి చేసి స్లైడ్ స్విచ్‌లు పెట్టండి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు, ఎందుకంటే ప్రతి కదలికా దాటేది ఆ రెండు మూడింటినే.

డీసీసీలో పెద్ద లేఅవుట్, కంకర అయిపోయింది, ఇంజన్లు కొన్నే ఉన్నాయంటే: ముందు శుభ్రం, తర్వాత ఇంజన్లకు పెద్ద కెపాసిటర్లు. ఎక్కువ ఇబ్బంది పెట్టే పాయింట్లకు మాత్రం మాడ్యూళ్లు.

ఇంకా పట్టా పరచనివాళ్లది అందరికన్నా మంచి స్థితి. ప్రతి ఫ్రాగ్‌కూ ఇప్పుడే ఒక తీగ టంకం పెట్టి, బోర్డులో చిన్న రంధ్రం చేసి కిందకు దించేయండి. ఆ తీగను ఈరోజు దేనికీ కలపకపోయినా ఫర్వాలేదు. కంకర పోశాక అక్కడికి టంకం మొన చేరదు.